కోడి కాలు చూడొచ్చా?



ఫోను గానీ కంప్యూటర్ గానీ లేకుండా, చివరికి బోర్డు కూడా లేకుండా ఆడే ఆట ఒకటుంది. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "కోట తలుపులు మూసేశారు. బయట వాన. ఏం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అడుగుతాడు. తలుపు బద్దలు కొడతామని ఒకరంటారు. కాపలావాడికి నాలుగు కాసులు చూపిద్దామని ఇంకొకరు. ఇవేవీ కాదు, పక్క ఊళ్లో పడుకుని పొద్దున్నే వద్దామని మూడోవారు అన్నా ఆట ఆగదు. ఫలానా పని జరిగిందో లేదో తేల్చాల్సి వచ్చినప్పుడు డైస్ వేస్తారు, చాలాసార్లు ఇరవై ముఖాల డైస్. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఇదే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో రాసిన చిన్న పుస్తకాలతో ఇది లోకానికి తెలిసింది.

ఇలాంటి ఆట వెనక ఒక లోకం ఉంటుంది. దాని ఊళ్లు, రాజులు, కులాలు, దేవుళ్లు, పగలు అన్నీ పుస్తకాల్లో రాసి ఉంటాయి. ఆ లోకం జనానికి నచ్చిందంటే, దాన్ని వీడియో గేమ్ చేద్దామని ఎవరో ఒకరు వస్తారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది. వీడియో గేమ్ అంటే ఒకటి కాదు కదా! కాల్చే ఆట వేరు, కోటలు కట్టే ఆట వేరు, మాట్లాడించి కూపీ లాగే ఆట వేరు. లోకం ఒకటే అయినా ఏ రకం ఆటలో పోశారన్న దాన్ని బట్టి దాని రుచి మారిపోతుంది.

షాడోరన్ సంగతి చూడండి. 1989లో ఫాసా అనే అమెరికన్ కంపెనీ తెచ్చిన టేబుల్‌టాప్ ఆట. 2050 నాటి లోకం. మంత్రశక్తి మళ్లీ భూమ్మీదికి వచ్చింది. కంపెనీలు ప్రభుత్వాలను మించి బలిశాయి. ఆ కంపెనీలు ఒకదాని మీద ఒకటి చేయించుకునే దొంగపనులను కూలికి చేసిపెట్టేవాళ్లే షాడోరన్నర్లు. పని అప్పజెప్పేవాడు తన పేరు చెప్పడు. ఎవరొచ్చినా మిస్టర్ జాన్సనే. పని అయ్యాక డబ్బు ఇస్తాడో, వెనక నుంచి తూటా పంపిస్తాడో తెలియదు. నమ్మక తప్పదు, నమ్మితే ముప్పు తప్పదు. ఆ లోకం నడిచేదే ఈ సూత్రం మీద.

1993లో బీమ్ సాఫ్ట్‌వేర్ అనే ఆస్ట్రేలియా స్టూడియో దీన్ని సూపర్ నింటెండో మీదికి తెచ్చింది. శవాగారంలో ఒక మనిషి లేస్తాడు. తనెవరో తనకే తెలియదు. ఊరంతా తిరిగి, ఒక్కో మనిషిని ఒక్కో మాట అడిగి, కూపీ లాగాలి. మరుసటి ఏడాది సేగా యంత్రం మీదికి అదే లోకం ఇంకో ఆటగా వచ్చింది. దాన్ని చేసింది బ్లూస్కై సాఫ్ట్‌వేర్. అందులో జాన్సన్ల దగ్గర పనులు పట్టుకుని ఒక్కోటీ చేసుకుంటూ బతకాలి. రెండూ వేర్వేరు ఆటలే. రెంటినీ ఇష్టపడినవాళ్లు ఇప్పటికీ ఏది గొప్పదని వాదించుకుంటూనే ఉన్నారు.

2007లో మైక్రోసాఫ్ట్ కింద ఉన్న ఫాసా స్టూడియో అదే పేరుతో ఇంకో ఆట తెచ్చింది. ఈసారి షూటర్. రెండు జట్లు ఆన్‌లైన్‌లో కాల్చుకోవడమే, ఒంటరిగా ఆడుకునే కథ లేదు. ఎక్స్‌బాక్స్ మీద ఆడేవాళ్లూ విండోస్ మీద ఆడేవాళ్లూ ఒకే మైదానంలో తలపడొచ్చు. అప్పటికి అది కొత్త. గోడల్లోంచి దూరి అవతల తేలే మంత్రం ఉంది, చచ్చిన తోటివాణ్ణి లేపే మంత్రం ఉంది. షూటర్‌గా చూస్తే తెలివిగా కట్టిన ఆట. అయినా పాత అభిమానులు మండిపడ్డారు. ఆ ఏడాదే స్టూడియో మూతపడింది. తర్వాత 2012లో, ఫాసా స్థాపకుల్లో ఒకరైన జోర్డాన్ వైస్‌మన్ జనం దగ్గరే చందాలు అడిగారు. కావాలన్నది నాలుగు లక్షల డాలర్లు. వచ్చింది పద్దెనిమిది లక్షల పైమాటే. ఆ డబ్బుతో 2013లో షాడోరన్ రిటర్న్స్ వచ్చింది. ఒకరి వంతు తర్వాత ఒకరి వంతుగా, నింపాదిగా ఆలోచించి ఆడేది.

దీని మీద ఎక్కువమంది చెప్పే తీర్పు ఏమిటంటే, టేబుల్‌టాప్ లోకానికి షూటర్ పనికిరాదు, నింపాది ఆటే తగినది అని. నేను ఒప్పుకోను. 2007 నాటి ఆటలో తుపాకులున్నందుకు కాదు కోపం. అందులో మిస్టర్ జాన్సన్ లేడు. నమ్మడానికి ఎవరూ లేరు, మోసపోవడానికీ ఎవరూ లేరు. ఓర్కులు, ఎల్ఫులు అనే జాతులూ మంత్రాలూ అన్నీ వచ్చాయి, లోకాన్ని నడిపే కట్టుబాటు మాత్రం రాలేదు. వేషం వచ్చింది గానీ పాత్ర రాలేదు.

నా మాటకు సాక్ష్యంగా ఇంకో లోకాన్ని తెస్తాను. 1991లో వచ్చిన వాంపైర్: ది మాస్కరేడ్. నెత్తురు తాగి బతికేవాళ్లు నేటి నగరాల్లో మనుషుల మధ్యే ఉంటారు. వాళ్లకున్న మొదటి చట్టం ఒకటే, మేమున్నామని మనుషులకు తెలియకూడదు. 2004లో వచ్చిన బ్లడ్‌లైన్స్ అనే కథాప్రధానమైన ఆటలో, నలుగురు చూస్తుండగా మీ శక్తి బయటపెడితే ఒక తప్పు రాసుకుంటారు. తప్పులు అయిదు పోగయ్యాయంటే ఆట ముగిసినట్టే. అంతవరకూ బాగానే ఉంది, కథల ఆట కాబట్టి అనుకుందాం. 2022లో ఇదే లోకం బ్లడ్‌హంట్ పేరుతో వచ్చింది. ప్రాగ్ నగరం మేడల మీద దూకుతూ, చివరికి ఎవరు మిగులుతారా అని కాల్చుకునే ఆట. పబ్జీ ఆడిన మన కుర్రాళ్లకు ఈ తరహా బాగా తెలుసు. ఇంత కాల్పుల గోలలో కూడా ఆ చట్టం ఉంది. వీధిలో పోయే మామూలు మనుషుల ముందు కట్టుబాటు తప్పారా, కాసేపు మీరెక్కడున్నారో మైదానంలో అందరికీ కనబడిపోతారు. వేటగాడు వేట అవుతాడు. గొప్ప ఆటా కాదా అన్నది వేరే సంగతి. లోకాన్ని మాత్రం వెంట తెచ్చుకుంది, షూటర్ అయి ఉండి కూడా.

కాబట్టి ఆట రకం ఏదైనా కావచ్చు. ఆ లోకంలో ఏది చేయకూడదో, చేస్తే ఏం పోతుందో, అది ఆడేవాడి చేతికి తగలాలి.

ఇక మన బెంగళూరుకు వద్దాం. ఈ నగరంలో వీడియో గేముల పని ఇప్పటిది కాదు. 1997లోనే రాజేశ్ రావు ఇక్కడ ధ్రువ ఇంటరాక్టివ్ పెట్టారు. విదేశీ ఆటలకు కావలసిన బొమ్మలు, బళ్లు, భవనాలు ఏళ్ల తరబడి ఆ స్టూడియోలో తయారయ్యాయి. 2019లో దాన్ని రాక్‌స్టార్ కొనుక్కుంది. అంటే ఇతరులు ఊహించిన లోకాలకు ఇటుకలు పేర్చడంలో మనవాళ్ల చెయ్యి ఎప్పుడో తిరిగింది. మన లోకాన్ని తీసుకుని ఇక్కడ కట్టిన ఆట అంటే నాకు ముందు గుర్తొచ్చేది బాహుబలి. 2017లో రెండో సినిమా వచ్చినప్పుడే మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ అనే బెంగళూరు స్టూడియో ఫోన్ల కోసం బాహుబలి ఆట తెచ్చింది. అది టేబుల్‌టాప్ నుంచి పుట్టింది కాదు, సినిమా నుంచి పుట్టింది. చిక్కు మాత్రం అదే.

అందులో మీరు రాజ్యం కట్టుకోవాలి, సైన్యాన్ని పెంచాలి, కాలకేయుల మీదికి పోవాలి. ఫోనులో అయిదు నిమిషాలు చూసి జేబులో పెట్టుకునేవాళ్లకు ఈ రకం ఆట కుదురుతుంది. పెద్ద తెర మీద లీనమై ఆడే ఆట కట్టాలంటే డబ్బూ కావాలి, కొనేవాళ్లూ కావాలి. మన దగ్గర ఆటగాళ్లలో ఎక్కువమంది ఫోన్లలోనే ఉన్నారు. వ్యాపారం లెక్కన తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ మాహిష్మతిని నడిపే కట్టుబాటు ఏది? కట్టప్ప. సింహాసనానికి కట్టుబడ్డ బానిస మాట. తాను ఎత్తి పెంచిన బిడ్డ వీపులో కత్తి దించడానికి కూడా ఆ మాటే కారణం. దేశమంతా రెండేళ్లు అడిగిన ప్రశ్న దాని గురించే కదా! కోటలు కట్టే ఆటలో కట్టప్ప ఒక బలమైన వీరుడు మాత్రమే. అతనికి ఆజ్ఞ ఇచ్చేది మీరే, మీ ఆజ్ఞకు అతను నలిగిపోవడం మీకు కనబడదు. అదే ఆటలో ఒక్క ఆజ్ఞకు, ఒక్కదానికే, కట్టప్ప తల వంచి నిలబడిపోయేలా చేసి ఉంటే? అది కోటల ఆటలోనూ సాధ్యమే అని నా నమ్మకం.

మళ్లీ టేబుల్‌టాప్ ఆటకే, ఇదే నగరంలోని మడివాళకు వద్దాం. ఈ పేరు తెలియని తెలుగువాడు బెంగళూరులో అరుదు. శుక్రవారం సాయంత్రమైతే హోసూరు రోడ్డు పక్కన బ్యాగులు భుజాన వేసుకుని విజయవాడ, గుంటూరు, నెల్లూరు, హైదరాబాద్ బస్సుల కోసం వందలమంది నిలబడి ఉంటారు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర బస్సు ఇరుక్కుందని డ్రైవర్ ఫోన్లో చెబుతుంటాడు. ఊరికి పోనివాళ్లు పీజీల్లో మిగిలిపోతారు. అలా మిగిలిన పల్నాటి కుర్రాళ్లు కొందరు శనివారం రాత్రుళ్లు ఒక గదిలో ఈ టేబుల్‌టాప్ ఆట ఆడుతున్నారు. టేబుల్ లేదు. రెండు మంచాలు జరిపి, మధ్యలో సూట్‌కేస్ పడుకోబెట్టి, దాని మీద డైస్ వేస్తారు.

ఏ లోకంలో ఆడాలన్నదాని మీద మొదట వాదన నడిచిందట. ఒకడు మడివాళనే పెడదామన్నాడు. ఇక్కడి సోమేశ్వరాలయంలో 1247 నాటి తమిళ శాసనం ఉంది, అందులో వెంగళూరు పెద్ద చెరువు మాట ఉంది, అక్కడి నుంచి కథ అల్లుదామన్నాడు. సిల్క్ బోర్డు కింద డ్రాగన్ నిద్రపోతోందని ఇంకొకడు. నాకైతే ఆ డ్రాగన్ నచ్చింది, ట్రాఫిక్‌కు ఒక కారణమన్నా దొరికేది. చివరికి మాచర్ల కుర్రాడి మాటే నెగ్గింది, పల్నాటి యుద్ధం. పన్నెండో శతాబ్దం. గురజాలలో నలగామరాజు, ఆయన మంత్రి నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవుడు, ఆయన మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలి. ఓడింది మాచర్లవాళ్లు. పోయారు. తిరిగి వస్తే రాజ్యం ఇవ్వలేదు. కారెంపూడిలో యుద్ధం.

ఒక రాత్రి వాళ్ల ఆట చూడ్డానికి నేనూ వెళ్లాను. కోడిపందెం ఘట్టం. బ్రహ్మనాయుడి పక్షాన ఆడుతున్న నరసరావుపేట అబ్బాయి డైస్ చేతిలోకి తీసుకుని ఆగాడు.

"బావా, ఆ కోడి కాలు ఒకసారి చూడొచ్చా?"

"ఎందుకంట?" అన్నాడు గేమ్ మాస్టర్‌గా ఉన్న మాచర్ల కుర్రాడు.

"కత్తికి ఏమన్నా పూశారేమోనని."

"చూడొచ్చు. అడ్డేముంది? కానీ ఊరంతా చూస్తుండగా కాలు చూపించమన్నావంటే నాగమ్మను దొంగ అన్నట్టే. తీరా ఏమీ లేకపోతే పోద్ది చూడు, నీ మాట, నీ మంత్రి పరువు, రెండూ. అడుగుతావా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయి కాసేపు డైస్‌ను అరచేతిలో దొర్లించి, "వద్దులే బావా, వదులు కోళ్లను" అన్నాడు.

నాకు ఆ రాత్రి దొరికింది అదే. గేమ్ మాస్టర్ ఆపలేదు, ధర చెప్పాడు. ఆ లోకంలో మాటకూ పరువుకూ ఉన్న బరువు ఆ అబ్బాయి చేతిదాకా వచ్చింది. ఇదే ఘట్టాన్ని వీడియో గేమ్‌లో పెట్టండి. గేమ్ మాస్టర్ లేడు, అడగబోయే ప్రశ్నలన్నీ ముందే ఊహించి రాసి ఉంచాలి. తెర మీద "కాలు చూడు" అని ఒక బటన్ పెట్టారనుకోండి. బటన్ ఉందంటే అది సలహా కింద లెక్క. ప్రతివాడూ నొక్కుతాడు. నొక్కకుండా ఆగడంలో ఉన్న గొప్ప పోతుంది. బటనే పెట్టకపోతే, ఆ ఆలోచన వచ్చినవాడికి దారి మూసేసినట్టు. వీడియో గేమ్ కట్టేవాళ్ల కష్టం ఎక్కడుందో దీన్నిబట్టి ఊహించుకోండి. బొమ్మలు గీయడం ఎంత కష్టమైనా దీనికన్నా తేలికే.

పల్నాటి లోకాన్ని ఏ రకం ఆట చేయాలి అన్న ప్రశ్నకు మన పెద్దలు ఒక జవాబు ఎప్పుడో ఇచ్చేశారు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు పల్నాటి వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరవిద్యావంతులు కథ గానం చేస్తారు. యుద్ధం మొత్తాన్ని ఒక్క రోజున ఆడెయ్యరు. బేరసారాలకు ఒక రోజు, పశువుల మందకు ఒక రోజు, పందానికి ఒక రోజు, చావుకు ఒక రోజు. ఏ రోజు తీరు ఆ రోజుది. రాచగావును మాత్రం నేను ఆటలోకి లాగను. అది పూజ, అక్కడికి వచ్చేవాళ్లకు ఆ వీరులు దేవుళ్లు.

మందపోరు తీసుకోండి. అడవిలో తలదాచుకున్నవాళ్ల మందల మీదికి శత్రువులు పడతారు. రాత్రి, కొద్దిమంది కాపలా, చెదిరిపోయే పశువులు. వనరులు లెక్కపెట్టుకుంటూ కాపాడుకునే ఆటకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ రోజే చాపకూడు కూడా. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినడం. దీన్ని ఆటలో పెట్టేవాళ్లు సాధారణంగా ఏం చేస్తారో నాకు తెలుసు. చాపకూడు పెడితే సైన్యం ఉత్సాహం పది పాయింట్లు పెరిగింది అంటారు. అలా చేస్తే చాపకూడు చచ్చిపోయినట్టే. చాప పరిచినప్పుడు ఎవరు లేచి వెళ్లిపోతారు? వెళ్లినవాడు మీ దండులో మంచి విలుకాడైతే? అయినా పరుస్తారా? ఇలా అడిగితేనే బ్రహ్మనాయుడు చేసిన పనికి ఎంత దమ్ము కావాలో తెలుస్తుంది.

కోడిపోరు చాలా సులువుగా జూదమై పాడయ్యే ఆట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది కాబట్టి ఆ దారి ఎలాగూ మూసుకుపోయింది. మంచిదే. ఇక్కడ పందెం రూపాయలు కాదు, రాజ్యం. కుక్కుటశాస్త్రం అని మనకు ఒక పుస్తకమే ఉంది. డేగ, కాకి, నెమలి అని కోడికి రంగును బట్టి పేరు పెట్టి, ఏ వారం ఏ రంగు దేని మీద గెలుస్తుందో చెబుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాల్లోని పట్టికలకు అదేమీ తీసిపోదు. పేకముక్కల్లా కార్డులు వేసి ఆడించొచ్చు.

కల్లిపాడు చివరి యుద్ధం. గళ్ల మైదానం మీద ఒకరి వంతు తర్వాత ఒకరి వంతుగా ఎత్తులు వేసే ఆట అవుతుంది. 2023లో లారియన్ స్టూడియోస్ బాల్డర్స్ గేట్ 3 తెచ్చి, డంజన్స్ అండ్ డ్రాగన్స్ డైస్ దొర్లడాన్ని తెర మీదే చూపించి కోట్లమందిని ఒప్పించాక, ఈ నింపాది ఆటలకు గిరాకీ లేదన్న మాట ఎవరూ అనడం లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఇలాంటి ఆటలో తన మనుషులందరినీ బతికించుకున్నవాడే గొప్ప ఆటగాడు. కల్లిపాడులో దాదాపు అందరూ పోతారు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ణి బతికించిన ఆటగాడు గెలిచినట్టా, కథను ఓడించినట్టా?

మిగిలింది రాయబారం. మడివాళ కుర్రాళ్లలో ఇద్దరికి ఆటలు తయారుచేసే పని వచ్చు. వాళ్లు ఎంచుకున్నది ఇదే. కత్తి లేదు, గుర్రం లేదు. సభ, మాటలు. మాచర్ల పక్షాన అలరాజు రాయబారిగా గురజాల వెళ్తాడు. రాజ్యం తిరిగి ఇమ్మని అడగాలి. అడగాల్సింది ఎవరిని? నలగామరాజును, అంటే సొంత మామనే. అల్లుడిగా ఒక్క మెట్టు దిగితే మర్యాద దక్కుతుంది, పంపినవాళ్ల పని చెడుతుంది. రాయబారిగా మాట బిగిస్తే ఇంట్లో చుట్టరికం తెగుతుంది. తర్వాత విషప్రయోగంతో చనిపోతాడు. కథ గురజాల పక్షం వైపే వేలు చూపిస్తుంది. ఆడేవాడు పల్నాటివాడైతే ఈ ముగింపు ముందే తెలిసిపోయి ఉంటుంది.

వాళ్లు ఇంకా కంప్యూటర్ ముట్టలేదు. పాత క్యాలెండర్ కాగితాల వెనక సభలోని మాటలన్నీ రాసి, ఏ మాటకు ఎవరి మొహం ఎలా మారుతుందో గీతలు గీసుకుంటున్నారు. ప్రస్తుతం వాళ్లిద్దరికీ ఒక దగ్గర పడటం లేదు. అలరాజుగా ఆడించాలని ఒకడి పట్టు. నాగమ్మగా ఆడించాలని రెండోవాడి పట్టు. అలరాజుగా ఆడితే విషం మనకు జరిగే అన్యాయం, ఏడ్చి ఊరుకుంటాం. నాగమ్మ కుర్చీలో కూర్చుంటే ఎదుట రాజుగారి అల్లుడు నిలబడి న్యాయమే అడుగుతుంటాడు, రాజు మెత్తబడుతుంటాడు, తెర మీద విషం అనే బటన్ ఎక్కడా ఉండదు. ఆడేవాడే అడగాలి. నా ఓటు రెండోవాడికే వేసి వచ్చాను.